మామిడి చెట్లు పెరిగితే కాయలు తగ్గే లెక్క: మీవాడి 30 ఎక్కడ్నుంచి వచ్చింది?

ప్రశ్న:

నమస్తే సార్, మాది నూజివీడు దగ్గర పల్లెటూరు, మామిడి తోట ఉంది. మా బాబు టెన్త్. వాడి టెస్ట్ పేపర్లో ఇలా ఒక లెక్క వచ్చింది. "ఒక ఎకరం తోటలో 40 మామిడి చెట్లున్నాయి. ఒక్కో చెట్టు సగటున 480 కాయలు కాస్తుంది. అదనంగా నాటే ప్రతి చెట్టుకూ తోటలోని ప్రతి చెట్టు కాపు 8 కాయలు తగ్గుతుంది. మొత్తం దిగుబడి గరిష్ఠంగా ఉండాలంటే ఎకరంలో ఎన్ని చెట్లు ఉండాలి?" మావాడికి 30 వచ్చింది, గైడులో 50 అని ఉంది. ట్యూషన్‌లో అడిగితే ఫార్ములా బట్టీ కొట్టు, నంబర్లు వేసెయ్ అన్నారంట. నేను ఇంటర్ దాకా లెక్కలు చదివాను, ఫార్ములా ఇస్తే చేస్తా గానీ మాటల్లోంచి ఫార్ములా ఎలా పుడుతుందో వాడికి చెప్పలేకపోతున్నా. మా వారేమో లెక్క చదివి "ఇది రాసినోడు ఎప్పుడన్నా తోట మొహం చూశాడా" అంటున్నారు. అదే పేపర్లో కోత వారాలు ఆపితే కాయ పెరిగి రేటు తగ్గే లెక్క ఇంకోటి ఉంది, అదీ చెప్పండి. వాడి నోట్‌బుక్ పేజీ ఫోటో పెడుతున్నా.

సమాధానం:

అమ్మా, ముందు ఆ ఫోటో గురించి చెప్తా, ఎందుకంటే అసలు కథంతా అందులోనే ఉంది. మీవాడు రాసిన లైన్ ఇది: 19200 + ఎక్స్(480 − 8ఎక్స్). చూడగానే నాకు నవ్వొచ్చింది, వెక్కిరింపుగా కాదండోయ్, ఈ లైన్ నేను ఇన్నేళ్ళ ట్యూషన్లలో కనీసం వందసార్లు చూసుంటా, చాలా తెలివైన పిల్లలే ఈ తప్పు చేస్తారు. వాడు ఏమనుకున్నాడంటే, పాత చెట్లు 40, వాటి కాపు 480, 40 ఇంటూ 480 అంటే 19,200 కాయలు, అది ఎటూ పోదు, పక్కన పెట్టేద్దాం, ఇప్పుడు కొత్తగా వచ్చే చెట్ల సంగతి చూద్దాం, వాటికే కాపు తగ్గుతుంది. అంటే వాడి లెక్కలో కొత్త చెట్లు మాత్రమే నష్టపోతున్నాయి, పాత చెట్లు హాయిగా 480 కాస్తూనే ఉన్నాయి.

ఇది లెక్కల తప్పు కాదు, తెలుగు చదవడంలో తప్పు. ఆ వాక్యం మళ్ళీ చూడండి, అందులో "ప్రతి" అనే మాట రెండుసార్లు ఉంది. "అదనంగా నాటే ప్రతి చెట్టుకూ", "తోటలోని ప్రతి చెట్టు కాపు". పిల్లలు మొదటి ప్రతి చూసి రెండో ప్రతిని మింగేస్తారు. మొదటి ప్రతి చెప్పేది ఎన్నిసార్లు తగ్గుతుందో, రెండో ప్రతి చెప్పేది ఎవరెవరికి తగ్గుతుందో. ఒక్క కొత్త చెట్టు వచ్చిందా, తోటలో పాతా కొత్తా అన్నీ కలిపి 41 చెట్లు, ఆ 41కీ తలా 8 కాయలు కట్. రెండోది వచ్చిందా, 42 చెట్లకీ తలా 16 కట్. నేనైతే పిల్లల చేత మొదటి ప్రతి కింద ఎర్ర పెన్నుతో, రెండో ప్రతి కింద నీలం పెన్నుతో గీత గీయిస్తా, పేపర్లో పెన్సిల్‌తో గీసుకున్నా చాలు, ఎవరూ మార్కులు కొయ్యరు.

వాడి 30 తప్పు అని వాడికే తెలిసేలా చెయ్యాలంటే గైడు చూపించొద్దు. 30 అన్నావు కదా నాన్నా, అదనంగా 30 నాటమంటావా, మొత్తం 30 ఉండాలంటావా అని అడగండి. అదనంగా 30 అయితే చెట్లు 70, తలా తగ్గింది 8 ఇంటూ 30 అంటే 240, మిగిలింది చెట్టుకి 240 కాయలు, 70 ఇంటూ 240, మొత్తం 16,800. ఇప్పుడున్న తోటే 19,200 కాస్తుంటే, 30 మొక్కలు కొని గుంతలు తీసి నీళ్ళు పోసి పెంచి 2,400 కాయలు పోగొట్టుకున్నట్టు. పోనీ మొత్తమే 30 అంటావా, అంటే 10 చెట్లు కొట్టేశాం, తగ్గింపు కాస్తా పెంపు అవుతుంది, చెట్టుకి 560, 30 ఇంటూ 560, మళ్ళీ అదే 16,800. రెండు వైపులా ఒకే అంకె వచ్చిందే అని వాడు గనక ఆశ్చర్యపోతే మంచిది, దాని సంగతి కిందకి వస్తుంది, ఆ ఆశ్చర్యం మాత్రం గుర్తుపెట్టుకోమనండి.

ఇప్పుడు అసలు ప్రశ్న, మాటల్లోంచి ఫార్ములా ఎలా పుడుతుంది. నా దగ్గర ఒకే ఒక్క కిటుకు ఉంది, ఇంకేం లేదు. ఎక్స్ జోలికి పోకుండా ముందు మామూలు అంకెలతో నాలుగు లైన్లు రాయించండి, కానీ కట్టనివ్వొద్దు. కట్టనివ్వొద్దు అంటే, 480లోంచి 8 తీసేస్తే 472 అని చటుక్కున రాసేస్తారు చూడండి, అది రాయనివ్వొద్దు. ఇలా వదిలెయ్యాలి:

అదనం 0 అయితే: 40 చెట్లు, ఒక్కోదానికి 480
అదనం 1 అయితే: 40 + 1 చెట్లు, ఒక్కోదానికి 480 − 8×1
అదనం 2 అయితే: 40 + 2 చెట్లు, ఒక్కోదానికి 480 − 8×2
అదనం 3 అయితే: 40 + 3 చెట్లు, ఒక్కోదానికి 480 − 8×3

ఇప్పుడు వాడిని అడగండి, పై లైన్‌కీ కింద లైన్‌కీ ఏం మారుతోంది అని. 40 మారట్లేదు, 480 మారట్లేదు, 8 మారట్లేదు. మారేది ఒకే ఒక్క అంకె, అది లైన్‌కి రెండు చోట్ల కూర్చుని ఉంది, ఒకటి చెట్ల దగ్గర, ఒకటి కాయల దగ్గర. ఆ అంకె మీద వేలు పెట్టి మూసి, ఆ ఖాళీలో ఒక అక్షరం పెడితే అయిపోయింది, అదే ఫార్ములా. నేను ఎక్స్ బదులు "అ" పెట్టిస్తా, అ అంటే అదనం, అది చూడగానే ఏంటో గుర్తుంటుంది. చెట్లు 40 + అ, ఒక్కో చెట్టుకి కాయలు 480 − 8అ, మొత్తం దిగుబడి రెండిటి గుణకారం:

(40 + అ)(480 − 8అ)

అదే 472, 464, 456 అని నీట్‌గా కట్టేసి రాశారనుకోండి, అందులో 8 ఎక్కడుందో అ ఎక్కడుందో ఎవరికి కనపడుతుంది? నేను టెన్త్‌లో ఉన్నప్పుడు చేసిన పనే అది, నా రఫ్ నోట్సు చూస్తే ముత్యాల్లాంటి అంకెలు, ఫార్ములా మాత్రం రాదు. ఈ బుద్ధి నాకు స్కూల్లో కాదు, మా తాత చిట్టా పుస్తకంలో దొరికింది. ఆయన కూలీల లెక్క రాసేటప్పుడు 12 × 3 × 60 అని వదిలేసేవాడు, పన్నెండు మంది, మూడు రోజులు, అరవై రూపాయలు, మొత్తం ఎంతైందో పేజీ చివర్లో మాత్రమే వేసేవాడు. ఎందుకు తాతా అక్కడే కట్టొచ్చుగా అంటే, రేపెవడన్నా వచ్చి ఈ డబ్బు ఎలా అయిందిరా అంటే ఏం చూపిస్తావ్ అన్నాడు. 2160 అని రాస్తే అది మనుషులో రోజులో రేటో దానికేం తెలుసు. ఆయనకి ఆల్జీబ్రా తెలీదు గానీ ఆ పేజీలో అంకెలు తీసి అక్షరాలు పెడితే అది ఆల్జీబ్రానే.

ఇంకో మాట. అక్షరం పెట్టిన వెంటనే పక్కన ఒక వాక్యం రాయించండి, "అ = 40 దాటాక నాటిన చెట్ల సంఖ్య" అని. ఒక అమ్మాయి నన్ను అడిగింది, సార్ ఎక్స్ అంటే చెట్లా కాయలా అని, క్లాసంతా నవ్వింది, నేను మాత్రం ఆ పిల్లకి చాక్లెట్ ఇచ్చా, ఎందుకంటే నవ్విన వాళ్ళలో సగం మందికి అది తెలీదు, 19200 + 480ఎక్స్ − 8ఎక్స్ అని రాసుకుని కూర్చున్నారు, దాంట్లో అయితే 472 చొప్పున పెరుగుతూనే పోతుంది, తోటలో కాలు పెట్టే సందు లేకుండా చెట్లు నాటినా దిగుబడి పెరుగుతూనే ఉంటుంది. మన పాత గణితంలో తెలియని సంఖ్యకి యావత్తావత్ అనేవాళ్ళు, ఎంతయితే అంత అని అర్థం, 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు రెండో తెలియని దానికి కాలకం, మూడో దానికి నీలకం అని రంగుల పేర్లు వాడాడు. అంటే అక్షరానికి మహత్యం ఏం లేదు, ఎక్స్ అన్నా నీలం అన్నా అ అన్నా ఒకటే, అది దేన్ని లెక్కపెడుతోందో తెలిస్తే చాలు.

సరే, ఫార్ములా వచ్చింది, ఇప్పుడు గరిష్ఠం. టెన్త్ వాడికి డెరివేటివ్ రాదు, అక్కర్లేదు కూడా. రెండో బ్రాకెట్లోంచి 8 బయటికి తీస్తే 8(40 + అ)(60 − అ) అవుతుంది. ఆ రెండు బ్రాకెట్లూ కలిపి చూడమనండి, 40 + అ, 60 − అ, కూడితే అ ఎగిరిపోయి ఎప్పుడూ 100. కూడిక మారని రెండు సంఖ్యల గుణకారం ఎప్పుడు ఎక్కువ? రెండూ సమానమైనప్పుడు. 10 ఇంటూ 90 అంటే 900, 30 ఇంటూ 70 అంటే 2,100, 50 ఇంటూ 50 అంటే 2,500, వాడే చేసి చూసుకుంటాడు. కాబట్టి 40 + అ = 50, అ = 10. చెట్లు 50, ఒక్కోదానికి 480 − 80 = 400, మొత్తం 20,000 కాయలు. ఇందాక 30 చెట్లకీ 70 చెట్లకీ ఒకే 16,800 ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలుస్తుంది, 50కి అటు 20, ఇటు 20, తక్కెడలో లాగా. గైడులో మైనస్ బి బై టూ ఏ అని ఉండేది కూడా ఇదే, విడగొట్టి రాస్తే 19200 + 160అ − 8అ², 160ని 16తో భాగిస్తే 10. ఆ ఫార్ములా తప్పని నేననట్లేదు, ట్యూషన్‌లో చెప్పింది అక్కడికి పనికొస్తుంది, కానీ అది చివరి మెట్టు, మీవాడు జారింది మొదటి మెట్టు మీద, చివరి మెట్టు ఎంత కడిగినా ఏం లాభం.

కొంతమంది అదనం కాకుండా మొత్తం చెట్లనే అక్షరం పెట్టుకుంటారు, అదీ తప్పు కాదు. మొత్తం చెట్లు "మ" అనుకుంటే అదనం మ − 40, అప్పుడు మ × (480 − 8(మ − 40)), అంటే మ(800 − 8మ). మ 0 దగ్గర సున్నా, 100 దగ్గర సున్నా, మధ్యలో 50. అదే సమాధానం. ఇక్కడ జారేది ఎక్కడంటే ఆ మైనస్ 40 మర్చిపోయి మ(480 − 8మ) అని రాసేస్తారు, దానికి గరిష్ఠం 30 దగ్గర వస్తుంది. గమనించారా, మళ్ళీ 30! మీవాడి ఎక్స్(480 − 8ఎక్స్) కూడా 0 దగ్గర సున్నా, 60 దగ్గర సున్నా, మధ్యలో 30, వాడి 30 అక్కడ్నుంచే వచ్చింది. రెండు వేరే వేరే తప్పులు, ఒకటే తప్పు సమాధానం. అందుకే మీరు ఫోటో పెట్టబట్టి సరిపోయింది గానీ ఉత్త 30 అని రాసుంటే వాడు ఏ తప్పు చేశాడో నేనూ చెప్పలేకపోయేవాణ్ణి.

ప్రశ్న కాస్త మెలిపెట్టి ఇస్తారు కూడా, దానికీ కట్టకుండా వదిలేసిన లైన్లే మందు. "అదనంగా నాటే ప్రతి 5 చెట్లకు 40 కాయలు తగ్గుతుంది" అంటే చాలామంది 480 − 40అ అని రాసేస్తారు. లైన్లు రాస్తే, మొదటి లైన్ 40 + 5, 480 − 40, రెండో లైన్ 40 + 5×2, 480 − 40×2, ఇక్కడ మారే అంకె చెట్లు కాదు, గుంపులు. గుంపుల సంఖ్య గ అనుకుంటే (40 + 5గ)(480 − 40గ), గ = 2, అంటే మళ్ళీ 10 చెట్లే, ఎందుకంటే 5 చెట్లకి 40 అంటే చెట్టుకి 8 కదా.

శాతం ఇస్తే మాత్రం వేరే కథ. "ప్రతి అదనపు చెట్టుకూ కాపు అంతకు ముందున్న దాంట్లో 2 శాతం తగ్గుతుంది" అంటే లైన్లు ఇలా వస్తాయి: 480 × 0.98, ఆ కింద 480 × 0.98 × 0.98, ఆ కింద ఇంకో 0.98. ఈసారి మారే అంకె 0.98 ఎన్నిసార్లు వచ్చింది అనేది, కాబట్టి అది పైన ఘాతంగా కూర్చుంటుంది, పక్కన గుణకంగా కాదు. ఇది టెన్త్‌లో గరిష్ఠం కనుక్కోమని అడగరు లెండి, అయినా సరదాకి చెప్తా, ఒక చెట్టు పెంచితే చెట్ల సంఖ్య ఎన్ని రెట్లు పెరిగింది, కాపు 0.98 రెట్లు అయింది, ఈ రెండే చూసుకుంటే చాలు. 49 నుంచి 50కి వెళ్తే చెట్లు 50/49 రెట్లు, 50/49 ని 0.98తో గుణిస్తే సరిగ్గా 1. అంటే 49 చెట్లకీ 50 చెట్లకీ దిగుబడి ఒకటే, 50 దాటితే తగ్గుడే. లాగరిథమ్ లేదు, డెరివేటివ్ లేదు, పెన్నుతో రెండు లైన్లు.

ఇప్పుడు మీ రెండో లెక్క. ఫోటోలో ఉన్నది ఇదీ: ఈ రోజు కోస్తే ఎకరానికి 40 క్వింటాళ్ళు, క్వింటా రేటు 3,000. కోత ఆపిన ప్రతి వారానికీ కాయ ఊరి దిగుబడి 4 క్వింటాళ్ళు పెరుగుతుంది, రేటు క్వింటాకి 200 పడిపోతుంది. ఎప్పుడు కొయ్యాలి? (మన దగ్గర మామిడిని ఎవరైనా టన్నుల్లో మాట్లాడతారు, పోన్లెండి, పేపర్ వాళ్ళిష్టం.) ఇక్కడ చెట్లు లేవు, లెక్కపెట్టేది వారాల్ని. కట్టకుండా రాస్తే, వారం 1 అయితే 40 + 4×1 క్వింటాళ్ళు, 3000 − 200×1 రేటు, వారం 2 అయితే 40 + 4×2, 3000 − 200×2. మారే అంకె మూసేసి "వ" పెడితే:

(40 + 4వ)(3000 − 200వ)

మొదటి బ్రాకెట్ సున్నా అయ్యేది వ = −10 దగ్గర, రెండోది వ = 15 దగ్గర, నడిమధ్య 2.5. రెండున్నర వారాలు. అప్పుడు 50 క్వింటాళ్ళు, రేటు 2,500, చేతికి 1,25,000. వారాల లెక్కనే కొయ్యాలంటే 2 వారాలకి 48 ఇంటూ 2,600, 3 వారాలకి 52 ఇంటూ 2,400, రెండూ 1,24,800, ఏదైనా ఒకటే. ఇక్కడ పిల్లలు చేసే తప్పు, రేటు తగ్గింపుని పెరిగిన 4 క్వింటాళ్ళకే వేస్తారు, పాత 40 క్వింటాళ్ళు పాత రేటుకే అమ్ముడుపోతాయన్నట్టు. మార్కెట్‌కి తీసుకెళ్ళిన సరుకంతా ఆ రోజు రేటుకే పోతుంది, ఇది మీ ఇంట్లో వాడికి చెప్పక్కర్లేదు, వాళ్ళ నాన్న చేతులు పిసుక్కోవడం చూసే పెరిగుంటాడు. నిజానికి చెట్ల లెక్క కంటే ముందు వాడికి ఈ లెక్క చెప్పండి, రేటు సంగతి అర్థమైతే రెండో "ప్రతి" దానంతటదే అర్థమైపోతుంది.

మీ వారికి కూడా నా తరఫున ఒక మాట. ఈ రోజే కోస్తే 1,20,000, రెండు వారాలు ఆగితే 1,24,800. ఆ 4,800 కోసం ఏప్రిల్, మే నెలల్లో కాయ చెట్టు మీదుంచి రెండు వారాలు నిద్రపోగలరా అంటే ఆయన ఏమంటారో నాకు తెలుసు. ఒక్క గాలివాన చాలు, తెల్లారేసరికి కాయంతా నేల మీదే. లెక్కలో గాలివాన లేదు, అందుకే రెండున్నర వారాలు అంది. అది రాసినోడి తప్పు కాదు, ప్రశ్నలో చెప్పిందే ఫార్ములాలోకి వస్తుంది, చెప్పనిది రాదు.

తోట మొహం చూశాడా అన్నారు కదా, నా ఉద్దేశంలో చూసే ఉంటాడు, కనీసం దూరం నుంచి. ఎందుకంటే 40 అనేది గాల్లోంచి తీసిన అంకె కాదు. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు, మొక్కకీ మొక్కకీ 33 అడుగులు వదిలితే ఒక్కో చెట్టుకి 1,089 చదరపు అడుగులు, భాగిస్తే సరిగ్గా 40 వస్తుంది. పది మీటర్ల దూరం అంటాం చూడండి, అదే. 50 చెట్లు పెట్టాలంటే ఒక్కోదానికి సుమారు 871 చదరపు అడుగులు, అంటే దూరం 33 నుంచి ఇరవై తొమ్మిదిన్నర అడుగులకి రావాలి. మూడున్నర అడుగులు దగ్గర జరిగితే కొమ్మలు ముందే కలుస్తాయి, కింద కొమ్మలకి ఎండ తగలదు, వేళ్ళు ఒకే నీటికీ ఒకే ఎరువుకీ పోటీ పడతాయి, కాపు తగ్గుతుంది, అంతవరకు లెక్క నిజమే చెప్తోంది.

ఆయన కోపం ఎక్కడ న్యాయమంటే, కాసే తోటలో మధ్యలోకి పోయి పది చెట్లు "అదనంగా" ఎవడూ నాటడు. అది మొక్కలు పెట్టే రోజు తీసుకునే నిర్ణయం. ఇంకోటి, ఈ ఫార్ములా ప్రకారం ఎకరానికి 100 చెట్లు పెడితే ఒక్క కాయ కూడా కాయకూడదు, 480లోంచి 8 ఇంటూ 60 పోతే సున్నా. కానీ ఇప్పుడు దగ్గర దగ్గరగా నాటే పద్ధతిలో 5 మీటర్లకొకటి పెడుతున్నారు, ఎకరానికి దాదాపు 160 చెట్లు, అవి కాస్తున్నాయి కూడా, ఏటా కొమ్మలు కత్తిరించి చెట్టుని పొట్టిగా ఉంచుతారు కాబట్టి. అంటే ఒక్కో చెట్టుకి 8 తగ్గుతుంది అనే మాట 40 చుట్టుపక్కలే చెల్లుతుంది, అంత దూరం లాగితే చెల్లదు. మీవాడు పేపర్లో ఇదంతా రాయక్కర్లేదు, అ విలువ 0 నుంచి 60 లోపు, పూర్ణాంకం అని ఒక్క లైన్ రాస్తే చాలు, ఆ లైన్ రాసేవాళ్ళు తక్కువ.

వాడి దగ్గర రాయించడానికి ఒకటి ఇస్తున్నా, ఈసారి నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యమనండి. ఎకరంలో 60 చెట్లున్నాయి, ఒక్కోటి 300 కాయలు, బాగా ఒత్తుగా అయిపోయాయని కొన్ని కొట్టేద్దామనుకుంటున్నారు, కొట్టేసిన ప్రతి చెట్టుకూ మిగిలిన ప్రతి చెట్టు కాపు 10 పెరుగుతుంది. ఎన్ని కొట్టెయ్యాలి? ముందు నాలుగు లైన్లు, కట్టకుండా. రెండు "ప్రతి"ల కింద రెండు రంగుల గీతలు. "మిగిలిన" అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగమనండి, పెరిగేది కొట్టేసిన వాటికి కాదు కదా. సమాధానం ఒక్కటే పంపితే నేను చూడను, ఆ పేజీ ఫోటో పెట్టండి, కొట్టివేతలతో సహా.